పాత క్రోనోగ్రాఫ్ వాచీలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

1940ల నుంచి 1970ల మొదటి వరకు తయారైన, కీ ఇచ్చి నడిపే క్రోనోగ్రాఫ్ చేతివాచీల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. మామూలుగా టైము చూపిస్తూనే, పక్కనున్న బటన్ నొక్కితే స్టాప్‌వాచీలా సెకన్లు, నిమిషాలు లెక్కపెట్టే వాచీలివి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: సేకరణ ఇప్పుడే మొదలుపెడుతున్నాను. మొదటి వాచీ పేరున్న కంపెనీదే కొనాలా? కాలమ్ వీల్ ఉంటేనే అసలైన క్రోనోగ్రాఫ్ అంటున్నారు, నిజమేనా?

జవాబు: డయల్ మీది పేరు ఆఖర్న చూడండి. ముందు మెషిన్, తర్వాత డయల్, ముళ్ళు, ఆ తర్వాత కేసు. ఆ రోజుల్లో క్రోనోగ్రాఫ్ మెషిన్ సొంతంగా తయారుచేసుకున్న కంపెనీలు కొన్నే. మిగతావన్నీ వాల్జూ, వీనస్, లాండెరాన్, లెమానియా లాంటి తయారీదార్ల దగ్గర మెషిన్లు కొని, తమ డయల్, తమ కేసు వేసి అమ్ముకున్నాయి. మూడు చిన్న డయళ్ళుండే వాల్జూ 72 హోయర్ కరేరాలో ఉంది, కొన్ని మార్పులతో రోలెక్స్ డేటోనాలో ఉంది, ఇవాళ ఎవరికీ గుర్తులేని కంపెనీల వాచీల్లోనూ ఉంది. పేరు మారితే ధర ఎన్నో రెట్లు మారుతుంది గానీ లోపలి పనితనం అంతగా మారదు. నేర్చుకునే దశలో పేరులేని వాచీలోని మంచి మెషినే మీకు ఎక్కువ నేర్పుతుంది.

కాలమ్ వీల్ సంగతి. స్టార్ట్, స్టాప్, రీసెట్ పనులకు లివర్లు ఏ వరసలో కదలాలో నడిపించే భాగం ఒకటి ఉండాలి. కాలమ్ వీల్ అంటే కింద రంపం పళ్ళు, పైన నిలువు స్తంభాలు ఉన్న చిన్న చక్రం. బటన్ నొక్కిన ప్రతిసారీ అది ఒక పన్ను మేర తిరుగుతుంది. లివరు కొస స్తంభానికి ఆనుకుంటే ఒక పని, రెండు స్తంభాల సందులోకి దిగితే ఇంకో పని జరుగుతుంది. ఈ చక్రాన్ని కోసి, మెరుగుపెట్టడానికి శ్రమ ఎక్కువ. క్యామ్ పద్ధతిలో అదే పనిని అచ్చుకొట్టిన ఉక్కు పలక చేస్తుంది. కాలమ్ వీల్ బటన్ సాధారణంగా మెత్తగా, ఒకే తీరుగా దిగుతుంది. క్యామ్ వాచీలో స్టార్ట్ కాస్త గట్టిగా ఉంటుంది. కొలతలో మాత్రం క్యామ్ వెనకబడదు. ఒమేగా 1968లో స్పీడ్‌మాస్టర్‌లో 321 మెషిన్ స్థానంలో 861 తెచ్చినప్పుడు కాలమ్ వీల్ పోయి క్యామ్ వచ్చింది, వేగం గంటకు 18,000 బీట్ల (టిక్కుల) నుంచి 21,600కు పెరిగింది. క్యామ్ అంటే నాసిరకం అన్న మాట వట్టిదని చెప్పడానికి ఆ 861 చాలు.

మొదటి వాచీకి మా సలహా: క్యామ్ కావాలంటే లాండెరాన్ 48, వీనస్ 188 లేదా వాల్జూ 7733, 7734. వీనస్ కంపెనీని వాల్జూ 1966లో కలుపుకున్నాక ఆ 188 మెషినే చిన్న మార్పులతో 7730గా, ఆపైన 7733గా వచ్చింది. కాలమ్ వీలే కావాలంటే వీనస్ 175 లేదా వాల్జూ 23. ఇవన్నీ పెద్ద సంఖ్యలో తయారయ్యాయి కాబట్టి పాడైన వాచీల నుంచి విడిభాగాలు దొరుకుతాయి. లాంజీన్ 13జెడ్‌ఎన్, ఏంజెలస్ 215, ఎక్సెల్సియర్ పార్క్ మెషిన్లు ఎంతో అందమైనవి. కానీ ఒక్క స్ప్రింగు విరిగితే దాని జోడు దొరకడం కష్టం. వాటిని రెండో విడతకు ఉంచుకోండి.

వెనక మూత తీశాక మెషిన్ ఏదో కనిపెట్టడానికి, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం పక్కన, దాని అంచు కింద చూడండి. తయారీదారు గుర్తు, నంబరు సాధారణంగా అక్కడే అచ్చై ఉంటాయి. పైన బ్రిడ్జి (చక్రాలను పట్టి ఉంచే పలక) మీద చెక్కిన పేరు వాచీ కంపెనీది. ఆ రెంటినీ ఒకటనుకోవద్దు.

ప్రశ్న: కొనే ముందు వాచీ చేతికి వచ్చినప్పుడు ఏమేం చూడాలి? అమ్మేవారు "బాగా నడుస్తోంది" అని మాత్రమే చెబుతున్నారు.

జవాబు: "నడుస్తోంది" అంటే టైము నడుస్తోందని మాత్రమే. క్రోనోగ్రాఫ్ భాగం విడిగా పరీక్షించాలి. అరగంట పైగా పడుతుంది. అంత సమయం ఇవ్వనివారి దగ్గర కొనవద్దు.

కీ పూర్తిగా ఇవ్వండి. చివరికి గట్టిగా ఆగాలి. ఎంత తిప్పినా ఆగకుండా జారుతుంటే మెయిన్‌స్ప్రింగు (కీ ఇస్తే చుట్టుకుని వాచీని నడిపే స్ప్రింగు) తెగిందనో, దాని కొస ఊడిందనో అర్థం. కీ బయటికి లాగి ముళ్ళు తిప్పినప్పుడు నిమిషాల ముల్లు వదులుగా ఊగకూడదు.

ఇక పై బటన్ నొక్కి స్టార్ట్ చేయండి. మధ్య ముల్లు మొదలయ్యేటప్పుడు పావు సెకను మేర ముందుకో వెనక్కో తుళ్ళడం ఈ వాచీల స్వభావం. తిరుగుతున్న చక్రం పళ్ళు ఆగి ఉన్న చక్రం పళ్ళలోకి పక్కనుంచి వచ్చి దూరుతాయి, పన్నుకు పన్ను ఎదురుపడితే ఆ తుళ్ళు తప్పదు. ఒక సెకను పైన దూకితే మాత్రం సర్దుబాటు తప్పింది. ముల్లు నడుస్తూ వణుకుతుంటే మధ్య చక్రం కింద ఉండే ఒరిపిడి స్ప్రింగు వదులైంది.

60 సెకన్లు దాటే చోట నిమిషాల చిన్న ముల్లును గమనించండి. 58, 59 దగ్గర కదలడం మొదలై, 60 దాటేసరికి సరిగ్గా తర్వాతి గీత మీద నిలవాలి. రెండు గీతలు దూకినా, రెండింటి మధ్య ఆగినా లోపమే. ఒకటి రెండు నిమిషాలతో సరిపెట్టుకోకుండా 30 నిమిషాల డయల్ మొత్తం తిరిగేదాకా నడపండి. ఒకే ఒక పన్ను వంగి ఉంటే అది ఆ చోటికి వచ్చినప్పుడే బయటపడుతుంది.

గంటల చిన్న డయల్ కూడా ఉంటే ఇంకో పరీక్ష. క్రోనోగ్రాఫ్ ఆపి, రీసెట్ చేసి, వాచీని మామూలుగా నడవనిచ్చి, కొన్ని గంటల తర్వాత చూడండి. గంటల ముల్లు సున్నా నుంచి మెల్లగా పాకుతుంటే దాన్ని పట్టి ఉంచే బ్రేకు సరిగ్గా ఆనడం లేదు. వాల్జూ 72లోనూ ఒమేగా 321లోనూ ఈ జబ్బు తరచు కనిపిస్తుంది. ఆ భాగం డయల్ కింద ఉంటుంది కాబట్టి ముళ్ళు, డయల్ తీస్తే గానీ బాగుచేయలేరు. బేరంలో ఆ ఖర్చు తగ్గించుకోండి.

ఆపినప్పుడు ముల్లు ఉన్నచోటే ఉండాలి. ఆపాక వాచీని వేలితో మెల్లగా తడితే కదిలిందంటే బ్రేకు లివరు ఆనడం లేదు.

ఆఖరిది రీసెట్. 10, 25, 35, 50 సెకన్ల దగ్గర ఆపుతూ ఒక్కోచోటా రెండుమూడుసార్లు చేయండి. ముల్లు ఇరుసు మీద ఉండే గుండె ఆకారపు క్యామ్ (హార్ట్ క్యామ్) దగ్గరి దారిలో తిరిగి సున్నాకు వస్తుంది కాబట్టి, 30కి అటూ ఇటూ ఆపితే రెండు వైపుల నుంచీ పరీక్షించినట్టవుతుంది.

ఒక హెచ్చరిక. లాండెరాన్ 48లో పై బటన్ స్టార్ట్‌కు మాత్రమే. ఆపడానికి కింది బటన్ ఒకసారి, సున్నాకు తేవడానికి అదే బటన్ మళ్ళీ నొక్కాలి. ఇది తెలియక పై బటన్‌ను పదేపదే బలంగా నొక్కి, ఆగడం లేదని వాచీని తిప్పి పంపేవారున్నారు.

ప్రశ్న: రీసెట్ నొక్కితే మధ్య ముల్లు 12 దగ్గర కాకుండా రెండు సెకన్లు అవతల ఆగుతోంది. ముల్లును వేలితో సరిచేయవచ్చా?

జవాబు: చేయవద్దు. ముందు ఒక విషయం తేల్చుకోండి: ఎప్పుడూ అదే చోట ఆగుతోందా, ఒక్కోసారి ఒక్కోచోటా?

ఎప్పుడూ ఒకేచోట, రెండు సెకన్ల అవతలే ఆగితే మెషిన్‌లో లోపం లేదు. ఎవరో ముల్లు తీసి మళ్ళీ పెట్టినప్పుడు తప్పుగా కూర్చుంది. మరమ్మతు చేసేవారు రీసెట్ స్థితిలో, అంటే హామర్ (హార్ట్ క్యామ్‌ను నొక్కి సున్నాకు తెచ్చే లివరు) ఆ క్యామ్ మీద ఆని ఉన్నప్పుడు ముల్లు తీసి, 60 గీత మీదికి చూసి నొక్కితే సరిపోతుంది.

చోటు మారుతుంటే మూత తీసి, మెషిన్ వైపు నుంచి లూప్‌తో (కంటికి పెట్టుకునే భూతద్దంతో) చూడాలి. హార్ట్ క్యామ్ ప్రతిసారీ ఒకే చోట ఆగుతూ, ముల్లు మాత్రం మారుతుంటే ముల్లు గొట్టం వదులై ఇరుసు మీద జారుతోంది. రీసెట్‌లో ముల్లు ఒక్క కుదుపుతో తిరిగి ఆగుతుంది. పదేపదే తీసి పెట్టిన గొట్టం ఆ కుదుపును తట్టుకోదు. గొట్టాన్ని బిగించే పరికరంతో కొద్దిగా కుదించాలి. కొందరు జిగురు చుక్క పెడతారు, అది ఘోరమైన పని. జిగురు ఇరుసు వెంట దిగితే మధ్య చక్రం మొత్తం బిగుసుకుపోతుంది. ఆ చక్రం ఇరుసు సూదికన్నా సన్నం, తీయబోతే విరుగుతుంది.

హార్ట్ క్యామే వేర్వేరు చోట్ల ఆగుతుంటే హామర్ పూర్తిగా దిగడం లేదు. సెకన్లకు, నిమిషాలకు కలిపి ఒకే హామర్‌కు రెండు చేతులుంటాయి. నిమిషాల చేయి ముందుగా ఆనుకుంటే సెకన్ల చేయికి అడుగుదాకా దిగే వీలుండదు. రీసెట్ నొక్కి పట్టుకుని, రెండు చక్రాలనూ సన్నని పుల్లతో మెల్లగా కదిపి చూస్తే ఏది వదులుగా ఉందో తెలుస్తుంది. సాధారణంగా మురికి, హామర్ స్ప్రింగు బలహీనపడటం, లేదా ఎవరో హామర్ ముఖాన్ని ఆకురాయితో అరగదీయడం కారణం. అరగదీసిన హామర్‌కు మందు లేదు, మరొకటి వెతకాల్సిందే.

ప్రశ్న: వాచీ మామూలుగా చక్కగా నడుస్తుంది. క్రోనోగ్రాఫ్ స్టార్ట్ చేస్తే కాసేపటికి మొత్తం ఆగిపోతోంది. ఎందుకు?

జవాబు: ఈ మెషిన్లలో క్రోనోగ్రాఫ్‌కు విడిగా శక్తి ఉండదు. స్టార్ట్ నొక్కగానే నాలుగో చక్రం (నిమిషానికి ఒక చుట్టు తిరిగేది) మీద అదనపు బరువు పడుతుంది, బ్యాలెన్స్ ఊగే కోణం తగ్గుతుంది. కొంత తగ్గుదల సహజం, ఎంత అన్నదే ప్రశ్న.

టైమ్‌గ్రాఫర్ (టిక్కుల చప్పుడు విని వేగం, ఊగే కోణం కొలిచే యంత్రం) మీద పెట్టండి. ముందుగా ఆ మెషిన్‌కు సంబంధించిన లిఫ్ట్ యాంగిల్ (పాలెట్ తగిలి ఉన్నంతసేపు బ్యాలెన్స్ తిరిగే కోణం) అందులో పెట్టాలి. చాలా యంత్రాలు 52 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. పాత క్రోనోగ్రాఫ్‌లలో చాలావాటికి అది వేరు, అలాగే వదిలేస్తే చూపించే కోణం తప్పు. పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి ఉంచితే సర్వీసైన వాచీ 260 నుంచి 300 డిగ్రీల మధ్య ఊగాలి. క్రోనోగ్రాఫ్ నడిపితే 15 నుంచి 30 డిగ్రీలు తగ్గవచ్చు. 40 దాటితే కారణం వెతకాలి. మొదట్లోనే 220 కన్నా తక్కువ ఉంటే క్రోనోగ్రాఫ్‌ను అనవద్దు. ఎండిన నూనె, అలసిన మెయిన్‌స్ప్రింగు ముందు చూసుకోవాలి.

తగ్గుదల ఎప్పుడు వస్తోందో గమనిస్తే సగం పని అయినట్టే. నిమిషం పొడుగునా ఒకే తీరుగా తగ్గి ఉంటే మధ్య చక్రం కింది ఒరిపిడి స్ప్రింగు మరీ బిగువుగా ఉంది, లేదా కలిపే చక్రం (నాలుగో చక్రం తిరుగుడును మధ్య చక్రానికి అందించేది) పళ్ళు మరీ లోతుగా దిగుతున్నాయి. నిమిషం మారే చోట మాత్రమే పడిపోతే నిమిషాల చక్రాన్ని పట్టే జంపర్ స్ప్రింగు బలం ఎక్కువ, లేదా దాన్ని తిప్పే పన్ను ఎక్కువ లోతుకు దూరుతోంది. ప్రతి నిమిషంలోనూ ఒకే సెకను దగ్గర పడితే మధ్య చక్రంలో అక్కడ పన్ను వంగింది, లేదా చిన్న నూగు ఇరుక్కుంది.

ఈ లోతులన్నీ ఎక్సెంట్రిక్ స్క్రూలతో సర్దుతారు. చూడటానికి మామూలు స్క్రూల్లాగే ఉంటాయి గానీ బిగించేవి కావు. ఒక పక్కకు ఒరిగిన ఇరుసు తిరిగి లివరు ఆగే చోటును మారుస్తుంది. తెలియనివారు "వదులైన స్క్రూలు" అనుకుని వీటన్నిటినీ చివరిదాకా తిప్పేస్తారు. పాత క్రోనోగ్రాఫ్‌లు పాడవడానికి మేము చూసినంతలో ఇదే మొదటి కారణం. విప్పే ముందు ప్రతి ఎక్సెంట్రిక్ గాడి ఏ దిక్కుగా ఉందో ఫొటో తీసుకోవాలి. కలిపే చక్రం పన్ను ఎదుటి పళ్ళ లోతులో మూడింట రెండు వంతులు దిగితే చాలు, పూర్తిగా దిగకూడదు. స్ప్రింగుకూ లోతుకూ ఒకేసారి చేయిపెడితే ఏది దేన్ని బాగుచేసిందో తెలియదు. ఒకటి మార్చి, కొలిచి, తర్వాతే ఇంకోటి.

ఇంకొక కారణం: పళ్ళకు నూనె వేయడం. క్రోనోగ్రాఫ్ చక్రాల పళ్ళు ఎప్పుడూ పొడిగానే ఉండాలి. నూనె దుమ్మును పట్టి ముద్దవుతుంది.

ప్రశ్న: డయల్ అసలుదా, మళ్ళీ రంగువేసి అచ్చు వేసిందా అని ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: విలువలో ఎక్కువ పాలు డయల్‌దే. పాడైన మెషిన్‌కు మరో మెషిన్ దొరకవచ్చు, పాడైన డయల్‌కు జోడు దొరకదు. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాం.

10 రెట్లు పెద్దదిగా చూపే లూప్ తీసుకుని, వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకోండి. ముందు టాకీమీటర్ (డయల్ అంచున వేగం చెప్పే అంకెల వరస) గీతలు. ఫ్యాక్టరీ అచ్చులో ప్రతి గీతా ఒకే మందంలో ఉండి, కొసలు ఒకే వలయం మీద ఆగుతాయి. మళ్ళీ వేసినదానిలో గీతలు వలయాన్ని దాటుతాయి లేదా దానికి చేరవు. చిన్న అంకెల్లో 6, 8, 9 కడుపులు పూడి ఉంటాయి. పెద్ద అక్షరాలను ఎవరైనా బాగా దించగలరు, చిన్నవాటి దగ్గరే బయటపడతారు.

తర్వాత చిన్న డయళ్ళు. చాలావాటిలో గ్రామఫోను రికార్డులా సన్నని వలయాల గాట్లు ఉంటాయి. మళ్ళీ లక్క పూసినప్పుడు అవి పూడి మొద్దుబారతాయి. పెద్ద డయల్ అచ్చు చిన్న డయల్ పల్లంలోకి దిగిందేమో కూడా చూడండి.

నల్ల డయల్ మీద బంగారు అక్షరాలుంటే ఒక మంచి పరీక్ష ఉంది. 1940, 50లలో ఆ రకం డయళ్ళలో చాలావాటికి బంగారు రంగు పైన పూసింది కాదు. నలుపు లేని చోట కింది లోహమే అక్షరంగా కనిపిస్తుంది. కాబట్టి అక్షరం నలుపుకన్నా లోతుగా ఉంటుంది. మళ్ళీ అచ్చు వేసినదానిలో బంగారు సిరా ఉబ్బెత్తుగా ఉంటుంది.

డయల్ పక్క అంచున ఆకురాయితో కోసిన చిన్న గాటు ఉంటే అనుమానించండి. తిరిగి అచ్చు వేసేవారు దిశ తప్పకుండా ఉండటానికి పెట్టుకునే గుర్తు అది. అడుగున "స్విస్" అన్న మాట లేకపోవడం అనుమానానికి తావిస్తుంది గానీ అదొక్కటే చాలదు.

ముళ్ళ పొడవు చూడండి. నిమిషాల ముల్లు నిమిషాల గీతల దాకా, క్రోనోగ్రాఫ్ ముల్లు సెకన్లలో భాగాలు చూపే గీతల దాకా చేరాలి. పొట్టిగా ఉంటే వేరే వాచీవి. డయల్ మీది, ముళ్ళలోని మెరుపు పూత (చీకట్లో వెలిగేది) ఒకేలా ముదిరి ఉండాలి. ముళ్ళు ఎక్కువకాలం కదలకుండా ఉన్న చోట డయల్ మీద గోధుమరంగు నీడ పడి, అది ఆ ముళ్ళ ఆకారంతో సరిపోతే డయల్, ముళ్ళు చాలాకాలంగా కలిసి ఉన్నాయని నమ్మవచ్చు. మచ్చలున్న అసలు డయలే కొత్తగా మెరిసే డయల్‌కన్నా మాకు ఎప్పుడూ ఎక్కువ.

ప్రశ్న: పాత వాచీల మెరుపు పూతలో రేడియం ఉంటుందట. పెట్టుకోవచ్చా?

జవాబు: 1960ల మొదటివరకు రేడియం వాడారు, ఆ తర్వాత ట్రిటియం. డయల్ అడుగున "స్విస్" మాటకు అటూ ఇటూ రోమను అక్షరం టి ఉంటే ట్రిటియం. ట్రిటియం 12.3 ఏళ్ళకు సగమవుతుంది. రేడియం సగమవడానికి 1,600 ఏళ్ళు పడుతుంది. చీకట్లో మెరవడం లేదు కాబట్టి రేడియం అయిపోయిందనుకోకండి. దాంతో కలిపిన, వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ చచ్చిపోయింది, రేడియం అలాగే ఉంది. రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ గ్లాసు మీద పెడితే రేడియం పట్టుబడుతుంది. ట్రిటియం కిరణాలు గ్లాసు దాటలేవు.

మూత మూసి ఉన్న వాచీని అప్పుడప్పుడు పెట్టుకుంటే బయటి నుంచి తగిలేది తక్కువ. అసలు ప్రమాదం పొడి ఊపిరిలోకి, నోట్లోకి పోవడం. కాబట్టి రేడియం వాచీ గ్లాసు ఇంట్లో తీయవద్దు, పూత గీకవద్దు, రాలిన పొడిని ఊదవద్దు. చాలా వాచీలుంటే గాలాడని చిన్న గదిలో పేర్చకండి, రేడియం నుంచి రేడాన్ వాయువు వస్తూంటుంది. పడకగదిలోనూ వద్దు.

పూత అసలుదా కాదా తెలియాలంటే దాని మీద అల్ట్రావయొలెట్ టార్చి కాసేపు వేసి ఆర్పేయండి. పూత చాలాసేపు వెలుగుతూ ఉంటే ఈ మధ్య పూసింది. అసలు పాత పూత వెలగదు, వెలిగినా టార్చి తీయగానే ఆరిపోతుంది.

ప్రశ్న: కంపెనీ ఆర్కైవ్ (పాత రికార్డుల విభాగం) నుంచి కాగితం ఉంటే వాచీ అసలుదేనని నమ్మవచ్చా?

జవాబు: ఆ నంబరున్న మెషిన్ ఫలానా తేదీన ఫలానా మోడల్‌లో బయటికి వెళ్ళిందని మాత్రమే కాగితం చెబుతుంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న డయల్, ముళ్ళు, కేసు ఆరోజు అందులోనే ఉన్నాయని చెప్పదు. 2021 నవంబరులో జెనీవా వేలంలో 1957 నాటిదిగా చూపిన ఒమేగా స్పీడ్‌మాస్టర్ సీకే2915 ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. అది వేర్వేరు వాచీల భాగాలు కూర్చి చేసిందని 2023లో ఒమేగాయే ప్రకటించింది. అంత పెద్ద వేదిక మీదే అలా జరిగిందంటే కాగితం మీద కాక భాగాల మీద కన్ను ఉండాలి.

మెషిన్ నంబరు, కేసు నంబరు, కేసు లోపలి అచ్చు, ముళ్ళ ఆకారం, బటన్ల ఆకారం అన్నీ ఒకే కాలానికి చెందాలి. మెషిన్ ఫొటో ఇవ్వనన్న వారి వాచీని ఎంత తక్కువకు వచ్చినా వదిలేయండి.

వీనస్ 175 గురించి ప్రత్యేకంగా ఒక మాట. దాని యంత్రసామగ్రి చైనాకు అమ్ముడుపోయింది. 1960లలో తియాన్‌జిన్ ఫ్యాక్టరీ దాన్నిబట్టి వైమానిక దళానికి క్రోనోగ్రాఫ్‌లు చేసింది. ఆ వంశంలోని ఎస్‌టీ19 ఇప్పటికీ తయారవుతోంది. మంచి మెషినే. కానీ దాని కొత్త భాగాలను పాత వీనస్‌లో పెట్టి "అంతా అసలుదే" అని అమ్ముతారు. భాగాలన్నీ అచ్చంగా సరిపోవు కూడా. బ్రిడ్జిల మెరుగు, స్క్రూల రంగు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే అడగండి.

ప్రశ్న: కేసు మీద గీతలు చాలా ఉన్నాయి. పాలిష్ చేయించమంటారా?

జవాబు: వద్దు. పాలిష్ అంటే లోహాన్ని తీసేయడమే. పట్టీ బిగించే కొమ్ముల పదునైన అంచులు గుండ్రబడితే తిరిగి రావు. గ్లాసు ఆక్రిలిక్ అయితే దాన్ని మెరుగుపెట్టే పేస్టుతో గీతలు పోగొట్టవచ్చు, పగిలితే కొత్తది వేయవచ్చు. కేసు స్టీలా, క్రోమ్ పూసిన ఇత్తడా అన్నది మాత్రం కొనేముందే చూడండి. వెనక మూత మీద "స్టెయిన్‌లెస్ స్టీల్" అని ఉంటే అది ఆ మూతకే వర్తించవచ్చు. పూత లేచి చెమటకు గుంటలు పడ్డ ఇత్తడి కేసుకు మంచి మరమ్మతు లేదు.

ప్రశ్న: సర్వీసు ఎన్నాళ్ళకు? మెకానిక్‌కు ఏం చెప్పాలి?

జవాబు: వాడే వాచీకి సుమారు ఐదేళ్ళకు ఒకసారి. వాడకుండా పెట్టెలో ఉన్నా నూనె ఎండుతుంది. కొన్న కొత్తలో, చరిత్ర తెలియకపోతే, రోజూ పెట్టుకోవడానికి ముందే చేయించండి. ఎండిన నూనెలో నడిస్తే ఇరుసులు అరుగుతాయి.

అడగవలసిన మొదటి ప్రశ్న: "ఈ మెషిన్ మీరు ఇంతకు ముందు విప్పారా?" మామూలు వాచీలు బాగుచేసే మంచి పనివారు కూడా క్రోనోగ్రాఫ్ సర్దుబాటు చేయకపోయి ఉండవచ్చు. రెండోది, నూనెలు. ఒక్క నూనెతో అంతా చేస్తామంటే వెనక్కి తీసుకోండి. వేగంగా తిరిగే సన్నని ఇరుసులకు మోబియస్ 9010 లాంటి పల్చని నూనె, పాలెట్ రాళ్ళకు (బ్యాలెన్స్‌కు ఊపునిచ్చే లివరు కొసల్లోని రాళ్ళకు) 9415, బరువు పడే నెమ్మది భాగాలకు డీ5 లాంటి చిక్కటిది, కాలమ్ వీల్ స్తంభాలకూ లివర్ల ఒరిపిడి చోట్లకూ కొంచెం గ్రీజు. కొత్త మెయిన్‌స్ప్రింగు వేయించండి, దానివల్ల విలువ తగ్గదు.

కాగితం మీద రాసి ఇవ్వండి: డయల్ కడగకూడదు, మెరుపు పూత మార్చకూడదు, కేసు పాలిష్ చేయకూడదు, తీసేసిన ప్రతి భాగమూ తిరిగివ్వాలి. పాత బటన్లు, పాత కీ అరిగినవైనా పొట్లంలో దాచుకోండి. రేపు అమ్మితే కొనేవారు వాటినే ముందు అడుగుతారు.

ప్రశ్న: క్రోనోగ్రాఫ్ ముల్లు ఎప్పుడూ తిరుగుతూ ఉంటే అందంగా ఉంది. అలా వదిలేయవచ్చా? వాన పడితే?

జవాబు: ఎప్పుడూ నడిపితే పళ్ళు అనవసరంగా అరుగుతాయి, బ్యాలెన్స్ ఊపు తగ్గి టైము మారుతుంది. అవసరానికి నడిపి ఆపేయండి. అలాగని అసలు ముట్టకుండానూ ఉంచవద్దు, వారం పది రోజులకోసారి కాసేపు నడపండి.

నడుస్తుండగా రీసెట్ బటన్ నొక్కవద్దు. కాలమ్ వీల్ దాన్ని అడ్డుకుంటుంది, బలం చేస్తే లివరు వంగుతుంది. ఫ్లైబ్యాక్ (నడుస్తుండగానే సున్నాకు వచ్చి మళ్ళీ మొదలయ్యే రకం) అని తెలిసిన వాచీల్లో మాత్రమే అలా నొక్కవచ్చు.

నీళ్ళ దగ్గర నమ్మకం పెట్టుకోవద్దు, వెనక మూత మీద ఏం రాసి ఉన్నా సరే. గుండ్రని పంపు బటన్లలో చాలావాటికి నీటిని ఆపే ఏర్పాటు సరిగ్గా ఉండదు. గ్లాసు లోపల ఆవిరి కనిపిస్తే అదేరోజు మెషిన్ విప్పించండి. సన్నని ఉక్కు స్ప్రింగులకు తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు.

ప్రశ్న: డయల్ అంచున మూడు రకాల అంకెల వరసలున్నాయి. ఎలా చదవాలి?

జవాబు: టాకీమీటర్ వేగం చెబుతుంది. కిలోమీటరు రాయి దగ్గర స్టార్ట్, తర్వాతి రాయి దగ్గర స్టాప్. 3,600ను సెకన్లతో భాగిస్తే వచ్చేదే ముల్లు ఎదుట ఉంటుంది: 45 సెకన్లయితే గంటకు 80 కిలోమీటర్లు. మామూలుగా 60 సెకన్లలోపు కొలతకే పనికివస్తుంది. నత్తగుల్ల చుట్టలా రెండు మూడు వరసలుంటే రెండో, మూడో నిమిషానికి లోపలి వరసలు చదవాలి.

టెలీమీటర్ దూరానికి. మెరుపు కనిపించగానే స్టార్ట్, ఉరుము వినగానే స్టాప్. శబ్దం సుమారు మూడు సెకన్లకు ఒక కిలోమీటరు పోతుంది కాబట్టి 9 సెకన్ల దగ్గర సుమారు 3 ఉండాలి. మీ డయల్‌లో అది 5 దగ్గర ఉంటే తప్పుగా మళ్ళీ అచ్చు వేసిందేమో చూసుకోండి. కొన్ని వాచీల్లో కొలత మైళ్ళలో ఉంటుంది, అప్పుడు 9 సెకన్లకు 2 కన్నా కొంచెం తక్కువ ఉంటుంది.

మూడోది నాడి కొలవడానికి. వరస పక్కన 30 అనో 15 అనో ఉంటుంది. స్టార్ట్ చేసి అన్ని నాడులు లెక్కపెట్టి ఆపితే ముల్లు నిమిషానికి ఎన్నో చెబుతుంది. 30 నాడులకు 25 సెకన్లు పడితే 72 దగ్గర ఆగాలి. మొదటి నాడిని "సున్నా" అని లెక్కపెట్టాలి. "ఒకటి" అని మొదలుపెడితే 29 నాడులకే ఆపేస్తారు, నిమిషానికి రెండు మూడు ఎక్కువ చూపిస్తుంది.